అమ్మాయి తరఫున తండ్రి

ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష ముగిసిన రోజున బాటనీ ఆనర్స్ అమ్మాయిలంతా కాలేజీ క్యాంటీన్లో చేరి, ఇక మీదట ఎవరేం చేస్తారో ఒకరి నోట ఒకరు చెప్పించుకున్నారు. ఒకమ్మాయి బ్యాంకు పరీక్షలు రాస్తానంది. ఊరంతా రాస్తున్నవే అవి. ఇంకొకమ్మాయి పార్టీలో పూర్తికాలం పనిచేస్తానంది. వాళ్ళ నాన్న ఎన్నో ఏళ్ళుగా ఎర్ర జెండా కిందే ఉన్నాడు కాబట్టి ఆమెకది ఇంటి పని లాంటిదే. కృష్ణా అనే అమ్మాయి పెళ్ళి చేసుకుంటానంది. అందరూ నవ్వితే తనూ నవ్వి, ఆ తర్వాత చాలాసేపు చల్లారిపోయిన టీ వంక చూస్తూ కూర్చుంది. మిగిలినవాళ్ళు ‘దేఖా జాక్’ అన్నారు, చూద్దాంలే అని. పంతొమ్మిదివందల ఎనభై ఆరులో కలకత్తాలో డిగ్రీ చదివిన పిల్లల భవిష్యత్తుకు అదే పేరు.

విజయ కుమారి ఒక్కతే తడుముకోకుండా చెప్పింది.

“ఎం.ఎస్సీ. చేస్తాను. తర్వాత మా ఇంటి ఎదురుగా ఉన్న తోటలో పనిచేస్తాను.”

ఇంటి ఎదురుగా అంటే మధ్యలో గంగ ఉంది. గార్డెన్ రీచ్‌లో వాళ్ళుండే పోర్టు క్వార్టర్ల మేడెక్కి చూస్తే, క్రేన్ల అవతల, ఓడల అవతల, ఆవలి గట్టున బొటానికల్ గార్డెన్ చెట్లు గుంపుగా కనిపిస్తాయి. చిన్నప్పటి నుంచీ ఆమె బట్టలు ఆరేసేది వాటిని చూస్తూనే. రెండో ఏడాదిలో శుక్లాదీ అనే లెక్చరర్ క్లాసును పడవ మీద అక్కడికి తీసుకెళ్ళి, ఎండబెట్టిన మొక్కల్ని అట్టల మీద అంటించి దాచే అలమరాలు చూపించింది. అందులో విశాఖపట్నం కొండల్లో ఎవరో ఎప్పుడో కోసిన కొమ్మ ఒకటి ఉంది. నాన్న పుట్టిన దేశం అది. తను రెండుసార్లకు మించి చూడని సొంత ఊరు ఇక్కడ అలమరాలో భద్రంగా ఉందే అనుకుంది విజయ. ఆ రోజే ఆమె నిశ్చయం చేసుకుంది. మంచి మార్కులు వచ్చాయి, బాలీగంజ్ సైన్స్ కాలేజీలో సీటూ వచ్చింది. నెలాఖరులోగా వెళ్ళి చేరడమే మిగిలింది.

ఇంట్లో అడ్డు చెప్పేవాళ్ళు లేరు. తండ్రి యేసురత్నం డాక్‌లో వించి నడుపుతాడు. బరువైన పెట్టెల్ని ఓడలోంచి గాల్లోకి లేపి, గుడ్డు పెట్టినంత మెత్తగా గట్టు మీద దించగలడు. కానీ నోట్లో నాలుక లేని మనిషి. తెలుగు, బెంగాలీ, హిందీ మూడూ మాట్లాడతాడు గానీ, మూడింట్లోనూ ‘కాదు’ అనే మాట రాదాయనకు. యూనియన్ వాళ్ళు ఊరేగింపుకు రమ్మంటే వెళ్తాడు. ఆ ఊరేగింపుకు వెళ్ళొద్దని ఫోర్మన్ అంటే దానికీ తలూపి, అప్పుడూ వెళ్తాడు, వెనక వరసలో. అలాంటి మనిషి కూతురి మార్కులు చూసి కళ్ళు తుడుచుకుని, “సదువుకోయే అమ్మా. నానున్నాను గదా” అన్నాడు. ఆయన తనంతట తాను ఒక మాట అనడం విజయ వినడం అదే మొదటిసారి. ఆ మాటను ఆమె కడుపులో పెట్టుకుంది.

ఇక గుడి సంగతి చెప్పాలి. డాక్‌లోనూ రైల్లోనూ పనికని శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలకు ఆ సందులో ఒక చర్చి ఉంది. అందరూ తెలుగు గుడి అంటారు. డిగ్రీ ఫలితాలు వచ్చిన తర్వాతి ఆదివారం అక్కడ కృతజ్ఞతారాధన జరుగుతుంది. ఆ ఏడాది పాసైన పిల్లలు ముందుకొచ్చి, ఇక మీదట ఏం చేయబోతారో మైకులో చెప్పాలి. సంఘం ‘ఆమేన్’ అంటుంది. పాస్టరు అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. ఒకసారి అక్కడ చెప్పింది ఇక దేవుడికిచ్చిన మాటే. రైల్వే అని చెప్పి మిలిటరీలో చేరిన కుర్రాడొకడికి కాలు విరిగితే, కలకత్తా తెలుగువాళ్ళు ఇరవై ఏళ్ళుగా ఆ కాలు గురించే చెప్పుకుంటున్నారు. ఇందులో ఇంకో ముచ్చట ఉంది. అబ్బాయిలైతే తమ మాట తాము చెప్తారు. అమ్మాయి తరఫున తండ్రి చెప్పాలని పెద్దలు ఎప్పుడో అనుకున్నారు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. డిగ్రీ దాకా వచ్చిన అమ్మాయిలు ఆ గుడిలో అంతకుముందు లేరు మరి.

ఆ వారమంతా యేసురత్నం గడ్డం గీసుకుంటూ అద్దం ముందు పాఠం వల్లించాడు. “మా అమ్మాయి విజయ కుమారి ఎం.ఎస్సీ. సదువుతాది. సంఘం ప్రార్థన సెయ్యాల.” అంతే. దానికే చెమటలు పట్టేవి. తల్లి రోజమ్మ వంటింట్లోంచి, “ఎం.ఎస్సీ. దగ్గర నీళ్ళు నమలకుండా సెప్పు” అని వెక్కిరించేది. ముగ్గురూ నవ్వుకునేవాళ్ళు.

ఆదివారం నాడు గుడి మెట్ల దగ్గరే జ్ఞానానందం గారు యేసురత్నం భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన సంఘ పెద్ద, సంఘం నడిపే బడి కమిటీకి సెక్రటరీ. పోర్టు ఆఫీసులో పెద్ద గుమస్తా. యేసురత్నాన్ని డాక్‌లో పెట్టించింది ఆయన తండ్రే. ఆ మాట ఆయన ఎప్పుడూ అనడు. అనకపోవడం కూడా ఒక పద్ధతిలో చేస్తాడు.

“బడి మూసేత్తారట రత్నం,” అన్నాడు. “మరియదాసు మాస్టారు పోయాక దిక్కులేదు. డిగ్రీ ఉన్న టీచరు ఒక్కరైనా ఉంటేనే గవర్నమెంటు గుర్తింపు. ఇనస్పెక్టరు వత్తాడట. మన పిల్లలు నాలుగు తెలుగు ముక్కలు నేర్సుకునే సోటు అదొక్కటే గదా. దేవుడు ఎవర్ని సిద్ధం సేసేడో మరి.”

ఆ దేవుడు ఎవర్ని సిద్ధం చేశాడో చెప్పడానికి ఆయన చూపు విజయ మీదికి వచ్చి, అక్కడే ఆగింది. యేసురత్నం తలూపాడు. విజయకు అప్పుడే అనుమానం వచ్చింది. కానీ నాన్న ఎవరేమన్నా తలూపుతాడు కదా అని సర్దుకుంది.

ఆ రోజు ప్రసంగం తొలిపంటను దేవుడికివ్వడం గురించి. ప్రతి ఆదివారం ప్రసంగం మధ్యలో పోయే కరెంటు ఆ రోజు పోలేదు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, మైకు మోగుతూనే ఉంది. ఒక అబ్బాయి లేచి రైల్వే పరీక్షలు రాస్తానని చెప్పి ఆమేన్ తీసుకున్నాడు. తర్వాత విజయ కుమారి పేరు పిలిచారు. తండ్రీ కూతుళ్ళు ముందుకెళ్ళారు. యేసురత్నం రెండు చేతులతోనూ మైకును పట్టుకున్నాడు.

“మా అమ్మాయి విజయ కుమారి...”

ముందు వరసలో జ్ఞానానందం గారు ప్రేమగా నవ్వుతూ తలూపుతున్నాడు, చెప్పు చెప్పు అన్నట్టు. యేసురత్నం ఆయన వైపే చూశాడు. విజయ ‘ఎం.ఎస్సీ.’ అని పెదవులు కదిపింది, పిల్లలకు పాఠం అందించినట్టు. ఆయన కూతురి వైపు చూడలేదు.

“మా అమ్మాయి విజయ కుమారి మన బడిలో పాఠం సెప్తాది. తొలిపంట దేవుడికే.”

గుడంతా ఒక్కసారిగా ‘ఆమేన్’ అంది. అంత గట్టి ఆమేన్ ఆ అబ్బాయికి రాలేదు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. జ్ఞానానందం గారు లేచి నిలబడి, “అమ్మా, నీకూ ఇట్టమే గదా?” అని అడిగాడు. అడగాలి కాబట్టి అడిగాడు. జవాబు కోసం కాదు.

కాదని చెప్పొచ్చు. మైకు అక్కడే ఉంది. కానీ దాన్ని పట్టుకున్నది నాన్న. చొక్కా వీపుకు అంటుకుపోయింది. తను ఇప్పుడు కాదంటే, ఆ మనిషి బతికున్నన్నాళ్ళూ ఈ గుడిలో తలెత్తడు. అసలే వంగిన తల. విజయకు ఒళ్ళంతా మంట పుట్టింది, జాలీ వేసింది. రెండిట్లో జాలే గెలిచింది. అందరూ అనేశాక, ఆలస్యంగా, ఒంటరిగా “ఆమేన్” అంది.

ఇంటికొచ్చాక రోజమ్మ దులిపేసింది.

“నోరెలాగొచ్చిందయ్యా నీకు? ఆ బడి తెలుగు బడి. దీనికి తెలుగు సదవడం రాదని నీకు తెల్దేటి?”

యేసురత్నం తెల్లబోయాడు. “రాదేటి? మరి గుళ్ళో పాటల పుత్తకం పట్టుకుంటాది గదా?”

“నానూ పట్టుకుంటాను. నాకు మాత్రం వచ్చునేటి?”

అదీ సంగతి. బెంగాలీ చదివితే నాలుగు మెతుకులు దొరుకుతాయని కూతుర్ని బెంగాలీ బడిలో వేసింది యేసురత్నమే. ఆ పిల్ల బెంగాలీల కంటే బాగా బెంగాలీ మాట్లాడుతుందని డాక్‌లో చెప్పుకుని మురిసిందీ ఆయనే. గుడిలో తల్లీ కూతుళ్ళు ఒకే పుస్తకం చెరో అంచు పట్టుకుని, పక్కవాళ్ళు పేజీ తిప్పినప్పుడు తిప్పుతూ, కంఠతా వచ్చిన పాటలే పాడుతూ వచ్చారు. ఆ కాలనీలో సగం మంది పిల్లలు అంతే. మొత్తం మీద సంఘమంతా కలిసి, తెలుగు బడిని నిలబెట్టడానికి తెలుగు చదవడం రాని పిల్లను దేవుడికి సమర్పించుకుంది.

“ఎల్లి ఆ పెద్దమనిసికి సెప్పు, ఇది కుదరదని,” అంది రోజమ్మ. యేసురత్నం చెప్పులేసుకుని వెళ్ళాడు. విజయ మేడ మీద నిలబడి ఎదురుచూసింది. గంట తిరక్కుండా వచ్చేశాడు.

“సెప్పేవా?” అని అడిగింది విజయ.

“ఎల్లేను. టీ ఇచ్చేరు. బిస్కత్తులు కూడా ఎట్టేరు.” కూతురి వైపు చూడకుండా అన్నాడు. “అంత మంచిగా మాట్లాడతంటే ఏటి సెప్తానమ్మా?”

శుక్లాదీకి చెప్పడానికి మాత్రం విజయే వెళ్ళాలి. ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, “ఎవరైనా బలవంతం చేశారా?” అని అడిగింది. లేదంది విజయ. వాళ్ళ గుడి సంగతి, మైకు సంగతి, ఆ ఆమేన్ సంగతి బెంగాలీలో చెప్పబోతే తనకే నవ్వులాటగా తోచింది. “ఈ సీటు నీ కోసం కూర్చోదు విజయా. వచ్చే ఏడు కొత్తగా పాసైనవాళ్ళకే ముందు ఇస్తారు,” అంది శుక్లాదీ. తెలుసంది విజయ. బస్సులో మొత్తం దారి ఏడ్చింది. గార్డెన్ రీచ్ బస్సులో ఆడపిల్ల ఏడిస్తే ఎవరూ ఏమీ అడగరు. కండక్టరు టిక్కెట్టు ఒక్కటే అడిగాడు.

బడి అంటే గుడి వెనక రెండు గదులు. విజయ ఒకటో తరగతి పిల్లలకు అక్షరాల పటం చూపించి కర్రతో చదివించేది. వాళ్ళతో పాటు తనూ నేర్చుకునేది. పిల్లలు ముందు, టీచరు వెనక. లెక్కలు నోటితో చెప్పేది. డాక్ గోడ పగుళ్ళలో మొలిచిన మొక్కల్ని పీకించుకొచ్చి, ఆకు ఎలా తింటుందో, వేరు ఎలా తాగుతుందో చెప్పేది. ఆ గంటలో పిల్లలు గోల చేసేవాళ్ళు కాదు. ఒక్కోసారి ఆమె కూడా మర్చిపోయేది, తను ఇక్కడికి రాలేదని, తేబడిందని. ఇంటికి పోయి మేడెక్కగానే మళ్ళీ గుర్తొచ్చేది. ఇక బట్టలు ఆరేసేటప్పుడు నదికి వీపు పెట్టి ఆరేయడం అలవాటు చేసుకుంది.

దసరా పూజల సెలవులయ్యాక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. బెంగాలీలు భద్రలోక్ అనే రకం చదువుకున్న పెద్దమనిషి, గొడుగుతో సహా. విజయ ఆయనతో చక్కటి బెంగాలీలో బడి కష్టాలన్నీ చెప్పింది. బాటనీ ఆనర్స్ అని విని ఆయన లేచి నమస్కారం పెట్టాడు. పక్కనే జ్ఞానానందం గారు ముసిముసిగా నవ్వుతూ, “మా సంఘం కూతురండీ” అన్నాడు. శీతాకాలం పోయేలోగా గుర్తింపు వచ్చింది. దానితో పాటు పర్మనెంటు టీచరు పోస్టు ఒకటి వచ్చింది, జీతం గవర్నమెంటుదే. టీచర్ల జీతాలు బాగా పెరిగిన రోజులవి. నిన్నటిదాకా దేవుడికిచ్చే తొలిపంటగా ఉన్నది ఒక్కసారిగా మంచి ఉద్యోగమైంది.

సరిగ్గా అప్పుడే జ్ఞానానందం గారి అబ్బాయి జీవానందం టెక్కలి నుంచి దిగాడు. అక్కడ నాయనమ్మ దగ్గర పెరిగి, డిగ్రీలో తప్పిన సబ్జెక్టు మళ్ళీ రాసి పాసై వచ్చాడు. కుర్రాడు చెడ్డవాడేం కాదు. విజయను చూస్తే తల దించుకునేవాడు. సంగతి అప్పటికే ఆమెకు అర్థమైంది. తొలిపంట ఆ పొలంలో అతని కోసం కొన్నాళ్ళు నిలబడి కాపలా కాసింది, అంతే.

అయినా జ్ఞానానందం గారు అన్యాయం చేసే మనిషి కాదు. అన్నీ పద్ధతి ప్రకారం చేస్తాడు. ఒక ఆదివారం సాయంత్రం ఆరాధన అయ్యాక సంఘాన్ని కూర్చోబెట్టి, “పోస్టు ఒక్కటి, అభ్యర్థులు ఇద్దరు. మనది తెలుగు బడి. అందుకని ఇద్దరి సేతా వాక్యం సదివిద్దాం. పక్షపాతం ఉండకూడదు,” అన్నాడు.

జీవానందం చదివాడు. కుళాయి తిప్పినట్టు వచ్చేసింది. తర్వాత పుస్తకం విజయ చేతికిచ్చారు. ఆమె బడిలో నేర్చుకున్నవి పటం మీది పెద్ద అక్షరాలు. ఇవి చీమల్లాంటి అక్షరాలు. వేలు పెట్టి మొదలుపెట్టింది. ఒక మాట, ఆగి ఇంకో మాట. మూడో మాట దగ్గర పూర్తిగా ఆగిపోయింది. రెండు నిమిషాలు వాక్యం ముందుకు జరగలేదు. ఎవరో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. అది చాలా చిన్న నవ్వు. కానీ బాటనీ ఆనర్స్ మొత్తం అందులో కొట్టుకుపోయింది.

జ్ఞానానందం గారు మెల్లగా పుస్తకం తీసుకుని మూశాడు. “పర్లేదమ్మా. నీకు బెంగాలీ బాగా వచ్చు. దేవుడు నీకు ఇంకో దారి సూపిత్తాడు.”

“ఇనస్పెక్టరు వచ్చిన రోజు నాకు తెలుగొచ్చునేటండీ?” అంది విజయ.

అందరికీ వినిపించింది. మైకు అక్కర్లేకపోయింది.

“ఆ రోజూ రాదు, ఈ రోజూ రాదు. పిల్లలందరికీ తెలుసు. మీకూ తెలుసు. ఆ రోజు నా డిగ్రీ కావాల్సొచ్చింది, నాను కాదు.”

జ్ఞానానందం గారికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. బాధపడ్డట్టు ముఖం పెట్టి, “సిన్నపిల్ల. బాధలో అంటంది. మనం మనసులో ఎట్టుకోకూడదు,” అని సంఘాన్ని ఓదార్చాడు. ఆ తర్వాత, “జీవానందాన్ని ఆ పోస్టుకు ఎన్నుకున్నాం. సంఘం ఏటంటాది?” అని అడిగాడు.

“ఆమేన్.”

అన్ని గొంతుల్లోనూ ఒక గొంతు ఆమెకు విడిగా వినిపించింది. ఎంత గుంపులో ఉన్నా ఆ గొంతును ఆమె పోల్చుకోగలదు. సదువుకోయే అమ్మా, నానున్నాను గదా అన్న గొంతే అది. విజయ వెనక్కి తిరిగి చూసింది. యేసురత్నం చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, అందరితో పాటు అంటున్నాడు. కళ్ళు తెరిచాక గానీ తనేమన్నాడో ఆయనకు తెలిసినట్టు లేదు. కూతురు చూస్తోందని గమనించి, నోరు సగం తెరిచి అలాగే ఉండిపోయాడు. అలవాటైన నోరు. దాన్ని ఏమని తిట్టాలో విజయకు మూడు భాషల్లోనూ మాట దొరకలేదు.

రోజమ్మ భర్తతో మాట్లాడకుండా విసవిసా ముందు నడిచి వెళ్ళిపోయింది. తండ్రీ కూతుళ్ళు ఘాట్ పక్క దారిలో నడిచారు. సాయంత్రపు ఫెర్రీ ఆవలి గట్టుకు బయల్దేరుతోంది. చేతుల్లో బుట్టలతో జనం ఎక్కుతున్నారు. అవతల తోట చెట్ల మీద ఇంకా కొంచెం ఎండ ఉంది. చాలా నెలల తర్వాత విజయ అటు చూసింది. ఏడుపు రాలేదు. లోపల ఏదో గట్టిపడిపోయింది, అది ఇక మెత్తబడదని ఆమెకు తెలుస్తోంది.

యేసురత్నం రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“ఇప్పుడేటి సేత్తావమ్మా?”

విజయ ఆగిపోయింది. చదువు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఆ ప్రశ్న ఆమెను కాలేజీ క్యాంటీన్లో అడిగారు. శుక్లాదీ అడిగింది. కాలేజీకి వెళ్ళే రోజుల్లో బస్సులో పక్క సీటు ముసలావిడ కూడా అడిగింది. ఈయన అడగడం ఇదే మొదటిసారి.

“ఈ మాట ఆ రోజు గుళ్ళో, మైకులో అడగాల్సింది నాన్నా,” అంది.

యేసురత్నం తలూపాడు. అవునన్నట్టే ఊపాడు. ఎవరేమన్నా ఆయన అలాగే ఊపుతాడు.